లీటరు నీళ్లు తాగినా ఆకలేస్తోందంటే హార్మోన్లు చెడినట్టా?

ప్రశ్న: నా వయసు 38. పొద్దున్నే పరగడుపున లీటరు గోరువెచ్చని నీళ్లు తాగితే పేగుల్లో హార్మోన్లు 'రీసెట్' అవుతాయని, ఆకలి పుట్టించే గ్రెలిన్ అణిగిపోయి, కడుపు నిండిందని చెప్పే జీఎల్‌పీ-1 పెరుగుతుందని ఒక వీడియోలో చూశాను. ఆరు వారాలుగా ఒక్కరోజు మానకుండా తాగుతున్నాను. తాగాక పావుగంటసేపు కడుపు బిగదీసినట్టు ఉంటుంది. గంట తిరక్కుండా మామూలుకంటే ఎక్కువ ఆకలి వేస్తుంది. బరువు అరకిలో కూడా తగ్గలేదు. నా హార్మోన్లు సరిగ్గా పనిచేయట్లేదా? టెస్టులేమైనా చేయించుకోవాలా? ఇంకో విషయం, భోజనం మధ్యలో నీళ్లు తాగితే యాసిడ్ పలచబడి అరుగుదల చెడుతుందని మావారు గ్లాసు ముట్టుకోనివ్వరు. నన్ను చూసి మా అత్తయ్య కూడా పొద్దున్నే లీటరు మొదలుపెట్టారు. ఆవిడకి హార్ట్ ఫెయిల్యూర్ ఉంది, ఒంట్లో నీరు దిగడానికి మాత్ర వాడతారు. ఆవిడకీ ఇది మంచిదేనా?

జవాబు: మీరు ఆఖర్న అడిగినదానికే ముందు జవాబు చెప్తాను, అది ఆగేది కాదు కాబట్టి. మీ అత్తయ్యగారి చేత ఆ లీటరు ఇవాళే మాన్పించండి. గుండె బలహీనపడి, నీరు దిగే మాత్ర మీద ఉన్నవాళ్లకి రోజుకి ఎన్ని నీళ్లు తాగాలన్నది మందులాగే ఒక మోతాదు. అదనంగా తాగినది ఒంట్లో నిలిచిపోవచ్చు, రక్తంలో సోడియం పడిపోనూ వచ్చు. అలాగని నీళ్లకి భయపడి గొంతు ఎండబెట్టుకోనక్కర్లేదు. ఆవిడ డాక్టరు చెప్పిన లెక్కే లెక్క. అలాంటి లెక్క ఎవరూ చెప్పి ఉండకపోతే ఫోన్ చేసి అడగండి, ఈ కొన్ని వారాలుగా రోజూ లీటరు అదనంగా తాగారన్న మాట దాచకుండా చెప్పండి. పొద్దున్నే బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు ఆవిడ బరువు చూసి ఒక కాగితం మీద రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవాల్సి వచ్చినా అపాయింట్‌మెంట్ తేదీ వచ్చేదాకా కూర్చోకండి.

ఇక మీ సంగతి. మీరు రాసినదాంట్లో హార్మోన్ల లోపం నాకేమీ కనబడలేదు. లీటరు నీళ్లు తాగిన గంటకి ఆకలి వేసిందంటే మీ పేగులు అబద్ధం చెప్పడం లేదనే అర్థం. లోపలికి తిండి రాలేదు, రాలేదనే చెప్తున్నాయి.

ఎలాగో చూద్దాం. కడుపు నుంచి పెద్దపేగు దాకా లోపలి పొరలో సుమారు వందకి ఒక కణం హార్మోన్లు తయారుచేసే కణం. సంఖ్యలో తక్కువే అనిపించినా, పేగు పొడవంతా లెక్కేస్తే ఒంట్లో ఇంత పెద్ద హార్మోన్ గ్రంథి ఇంకోటి లేదు. వీటిలో చాలా కణాలు నాలుక చాచినట్టు సన్నని కొసల్ని పేగు లోపలికి చాచి ఉంటాయి. కొవ్వు వచ్చిందా, ప్రోటీన్ ముక్కలు వచ్చాయా, చక్కెర వచ్చిందా, యాసిడ్ వచ్చిందా అని రుచి చూస్తుంటాయి. వచ్చినదాన్ని బట్టి కబురు పంపుతాయి. చిన్నపేగు మొదట్లో కొవ్వు, ప్రోటీన్ తగిలితే సీసీకే అనే హార్మోన్ వస్తుంది. అది పిత్తాశయాన్ని పిండుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగం తగ్గిస్తుంది, ఇక చాలని మెదడుకి చెప్తుంది. ఇంకా కిందికి వెళ్తే జీఎల్‌పీ-1, దానిలాగే ఆకలిని అణిచే పీవైవై అనే హార్మోన్ వచ్చే కణాలు ఎక్కువ. అవీ తిండి కోసమే చూస్తుంటాయి. నీళ్లలో వాటికి రుచి చూడటానికి ఏమీ లేదు.

అసలు 'హార్మోన్' అనే మాట పుట్టిందే పేగు పుణ్యమా అని. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఒక కుక్క చిన్నపేగులో కొంత భాగానికి వెళ్లే నాడులన్నీ కోసేసి, అందులో యాసిడ్ పోశారు. నాడులు లేకపోయినా క్లోమం నుంచి రసం కారింది. అంటే కబురు నాడుల్లోంచి కాదు, రక్తంలోంచి వెళ్లింది. పేగు లోపలి పొరను గీకి, యాసిడ్‌తో నూరి, వడకట్టి రక్తంలోకి ఎక్కిస్తే మళ్లీ రసం కారింది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు, 1905లో స్టార్లింగ్ ఇలాంటివాటన్నిటికీ కలిపి హార్మోన్లు అన్నాడు. మనకి కావాల్సిన విషయం ఏమిటంటే, వాళ్లు పోసింది యాసిడ్. సెక్రెటిన్ కణాలు పలకాలంటే పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువని) సుమారు 4.5 కంటే కిందికి దిగాలి. వట్టి నీళ్లకి అవి తల తిప్పి కూడా చూడవు.

ఇప్పుడు మీ వీడియో చెప్పిన గ్రెలిన్ దగ్గరికి వద్దాం. దీన్ని 1999లో జపాన్‌లో కనిపెట్టారు. ఎక్కువగా కడుపు గోడలోంచే వస్తుంది. భోజనం వేళకి ముందు పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. కడుపులోంచి వచ్చేదే కాబట్టి కడుపు నీళ్లతో ఉబ్బితే తగ్గుతుందనుకోవడం సహజమే, శాస్త్రవేత్తలకీ ఆ అనుమానం వచ్చింది. 2000లో ఎలుకల కడుపులోకి నీళ్లు ఎక్కించి చూశారు. గ్రెలిన్ తగ్గలేదు. అంతే పరిమాణంలో గ్లూకోజు కలిపిన నీళ్లు ఎక్కిస్తే తగ్గింది. తర్వాత ఇంకో అడుగు ముందుకేసి, కడుపు కింది ద్వారం మూసేసి, తిండి పేగులోకి జారకుండా చేసి చూశారు. అప్పుడు గ్లూకోజు పోసినా తగ్గలేదు. అంటే కడుపు ఉబ్బితే చాలదు, తిండి పేగుదాకా వెళ్లి అక్కణ్నుంచి కబురు రావాలి. మనుషుల్లోనూ గ్లూకోజుకి గ్రెలిన్ తగ్గింది, నీళ్లకి తగ్గలేదు. గ్రెలిన్ దగ్గర నీళ్ల పప్పులు ఉడకవు.

మరి ఆ పావుగంట బిగదీసినట్టు ఉండటం ఏమిటి? అది హార్మోన్ కాదు, సాగదీత. కడుపు గోడ సాగినప్పుడు వేగస్ నాడి ఆ సంగతి మెదడుకి చెప్తుంది. నీళ్లలో కేలరీలు లేవు కాబట్టి వాటిని ఆపి ఉంచాల్సిన పని కడుపుకి లేదు, పది నుంచి ఇరవై నిమిషాల్లో సగం కిందికి దిగిపోతాయి. సాగదీత పోయింది, కబురూ పోయింది. రాత్రంతా ఏమీ తినలేదు, రోజూ తినే వేళ దగ్గరపడుతోంది, గ్రెలిన్ తన టైముకి తను పెరుగుతోంది. దీనికి తోడు, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకోసారి కడుపు నుంచి చిన్నపేగు చివరిదాకా ఒక బలమైన అల నడుస్తుంది, మిగిలిన చెత్తాచెదారం ఊడ్చుకుంటూ. మనుషుల్లో కడుపు దగ్గర ఆ అలని లేపేది మోటిలిన్ అనే హార్మోన్. కడుపులో గుర్రుగుర్రుమనే చప్పుడు చాలాసార్లు దానిదే. ఇవన్నీ మీ లీటరుకి ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. ఆ పావుగంట హాయి తర్వాత వచ్చేసరికి ఆకలి రెట్టింపైనట్టు తోచి ఉంటుంది.

నీళ్లకి పేగులు అసలు స్పందించవని అనుకోకండి. కడుపు సాగడం వల్ల వేగస్ నాడి ద్వారా క్లోమం నుంచి ఒకటి రెండు హార్మోన్లు కాసేపు పెరగవచ్చు. కానీ వాటిని పట్టుకుని బరువు తగ్గుతామనుకోవడం గాలికి మూటకట్టడమే.

నీళ్లు నిజంగా కదిపే హార్మోన్ కథ వేరే ఉంది. వీడియోలో దాని ఊసే ఎత్తినట్టు లేదు గానీ, నన్నడిగితే ఆకలి కథకంటే అదే బాగుంటుంది. బాగా దాహం వేసినప్పుడు ఒక గ్లాసు ఎత్తి గటగటా తాగారనుకోండి. రెండు నిమిషాల్లో ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ నీళ్లు అప్పటికి ఇంకా కడుపులోనే ఉన్నాయి, రక్తంలోకి చేరి ఉప్పు గాఢతని తగ్గించడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. మరి దాహం ముందే ఎలా తీరింది? మెదడు అడుగున, నీళ్లు పట్టి ఉంచమని కిడ్నీలకి చెప్పే వేసోప్రెసిన్ అనే హార్మోన్ తయారవుతుంది. నీళ్లు గొంతు దిగుతుండగానే, రక్తంలో ఏ మార్పూ రాకముందే, నిమిషాల్లో అది తగ్గడం మొదలుపెడుతుంది. నోరు, గొంతు ఎన్ని గుక్కలు దిగాయో లెక్కపెట్టి అడ్వాన్సుగా కబురు పంపుతాయన్నమాట.

అయితే గొంతుకి ఉప్పునీళ్లకీ మంచినీళ్లకీ తేడా అంతగా తెలియదు. అది ద్రవం ఎంత వెళ్లిందో మాత్రమే చెప్తుంది. దిగినవి దాహం తీర్చే నీళ్లా కాదా అన్నది పేగు తేల్చాలి. చిట్టెలుకల మీద 2019లో వచ్చిన ఒక పరిశోధనలో సరిగ్గా ఇదే చూశారు. ఉప్పునీళ్లు తాగినప్పుడు మెదడులోని దాహపు కణాలు ముందు గొంతు మాట నమ్మి ఊరుకున్నాయి, కాసేపటికి పేగు నుంచి అసలు సంగతి తెలిసి మళ్లీ లేచాయి. మంచినీళ్లకి మాత్రం ఊరుకున్నవి ఊరుకున్నట్టే ఉన్నాయి. 2022లో వచ్చిన ఇంకో పరిశోధన ఈ పేగు కబురు ఎక్కణ్నుంచి వెళ్తుందో వెతికింది. పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకెళ్లే పోర్టల్ సిర ఉంది కదా, ఆ చుట్టుపక్కల వేగస్ నాడి కొసలు దాన్ని పట్టుకుంటున్నాయని తేలింది. మధ్యలో కబురు మోసేది వీఐపీ అనే పెప్టైడ్ హార్మోన్. పేరు చూసి నవ్వొస్తే నా తప్పు కాదు, దాని పొడుగు పేరుకి పొట్టి రూపం అది. ఇదంతా చిట్టెలుకల్లో చూసింది, మనుషుల్లో ప్రతి మెట్టూ అచ్చు ఇలాగే ఉందని నేను అనడం లేదు. గొంతు కబురుతో వేసోప్రెసిన్ తగ్గడం మాత్రం మనుషుల్లోనూ చూశారు.

దీని ఫలితం మీరు కళ్లారా చూస్తున్నారు కూడా. లీటరు తాగిన గంటలో రెండుసార్లు బాత్‌రూమ్‌కి వెళ్తున్నారా, మూత్రం నీళ్లలా తెల్లగా వస్తోందా? అదే మీ 'రీసెట్'. వేసోప్రెసిన్ తగ్గింది, కిడ్నీలు గేటు ఎత్తేశాయి, అక్కర్లేని నీళ్లు బయటికి పోతున్నాయి. ఆరు వారాలుగా మీ శరీరం ఏ పొరపాటూ లేకుండా ఈ పని చేస్తోంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు గంటకి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా బయటికి పంపగలవు కాబట్టి మీకు ప్రమాదం జరగలేదు. ఇంతకంటే వేగంగా రెండు మూడు లీటర్లు పట్టిస్తే మాత్రం ఆరోగ్యవంతులకీ సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మగత, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. వీడియోల్లో లీటరు రెండు లీటర్లయి, రెండు మూడు కావడానికి ఎంతోకాలం పట్టదు, అందుకే చెప్తున్నాను.

జీఎల్‌పీ-1 పేరు ఈ మధ్య అందరి నోటా నానుతోంది, బరువు తగ్గే ఇంజెక్షన్ల వల్ల. మన పేగు విడుదల చేసే జీఎల్‌పీ-1 రక్తంలో రెండు నిమిషాల్లో సగం విరిగిపోతుంది. సెమాగ్లూటైడ్ లాంటి మందు సగం తగ్గడానికి వారం పడుతుంది. మంచి భోజనం చేసినా ఆ మందు స్థాయి రాదు, ఇక నీళ్ల మాట దేనికి? ఇందులో ఇంకో తమాషా ఉంది. ఈ జాతి మందులు ఆకలితోపాటు దాహాన్నీ తగ్గించగలవు. అవి వాడేవాళ్లు దాహం వేయకపోయినా గుర్తుపెట్టుకుని నీళ్లు తాగాల్సి వస్తుంది, ముఖ్యంగా వాంతులు, విరేచనాలు ఉన్నప్పుడు.

అలాగని భోజనానికి ముందు నీళ్లు తాగడం పూర్తిగా దండగ అనను. 2008లో, బరువు ఎక్కువగా ఉన్న పెద్ద వయసువాళ్లు పొద్దుటి తిండికి అరగంట ముందు అరలీటరు నీళ్లు తాగితే సుమారు 13 శాతం తక్కువ తిన్నారు. 2015లో బ్రిటన్‌లో 84 మంది మీద 12 వారాలు చూశారు. కొందరిని మూడు పూటలా భోజనానికి అరగంట ముందు అరలీటరు తాగమన్నారు, మిగిలినవాళ్లని కడుపు నిండుగా ఉన్నట్టు ఊహించుకోమన్నారు. (ఊహించుకోమన్నవాళ్ల మీద నాకు కొంచెం జాలేసింది.) నీళ్లు తాగినవాళ్లు వాళ్లకంటే సుమారు 1.3 కిలోలు ఎక్కువ తగ్గారు. చిన్న తేడానే, కానీ ఉంది. ఇక్కడ పనిచేసేది ఆ సాగదీతే. వయసు పైబడినవాళ్లలో ఈ తేడా బాగా కనబడింది, కుర్రవాళ్లలో అరగంటకి ముందు తాగిన నీళ్లు పెద్దగా తేడా తేలేదు. మీ వయసు ఆ రెండిటికీ మధ్యలో ఉంది. ప్రయత్నించాలనుకుంటే లీటరు వద్దు, అరలీటరు చాలు. తాగి గంటలకొద్దీ కూర్చోకుండా, వెంటనే కాకపోయినా అరగంటలోపు తినడం మొదలుపెట్టండి. మీరు ఇప్పటిదాకా చేసిన పొరపాటు అదే అనుకుంటాను. నీళ్లతో కడుపు నిండిన కాస్త సమయాన్నీ వాడుకోకుండా, అది ఖాళీ అయ్యి ఆకలి ముదిరాక తిండి దగ్గర కూర్చుంటున్నారు.

ఇంతకంటే మంచి మార్గం నీళ్లని తిండిలోకి చేర్చడం. ఒక పరిశోధనలో ఒకే పదార్థాలని ఒకసారి ముక్కలుగా పెట్టి పక్కన గ్లాసు నీళ్లు ఇచ్చారు, ఇంకోసారి అవే ముక్కలు, అవే నీళ్లు కలిపి మెత్తగా చేసి సూప్‌గా ఇచ్చారు. ఎంఆర్ఐలో చూస్తే సూప్ తాగినవాళ్ల కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంది, ఆకలీ ఆలస్యమైంది. విడిగా తాగిన నీళ్లు ముక్కల్ని వదిలేసి ముందే జారిపోతాయి. తిండిలో కలిసిన నీళ్లకి ఆ వీలు లేదు, కేలరీలతో పాటే మెల్లగా దిగాలి, దారిలో సీసీకే కణాలకీ జీఎల్‌పీ-1 కణాలకీ మొహం చూపిస్తూ దిగాలి. మీ పొద్దుటి తిండిలో కాస్త ప్రోటీన్, పీచు ఉండేలా చూసుకోండి. ఆకలిని అణిచే హార్మోన్లు కావాలంటే వాటిని పిలిచేది అవే.

మీవారి యాసిడ్ భయం గురించి. ఆయన మాటలో కొంత నిజముంది, అందుకే అది ఇంతకాలంగా బతికి ఉంది. ఖాళీ కడుపులో ఒక గ్లాసు నీళ్లు పడితే యాసిడ్ ఘాటు నిజంగానే తగ్గుతుంది, నిమిషం లోపే. కానీ కొన్ని నిమిషాల్లో మళ్లీ మామూలైపోతుంది. కడుపులో గాస్ట్రిన్ అనే హార్మోన్ ఉంది, ప్రోటీన్ తగిలినా, గోడ సాగినా అది యాసిడ్ పంపుల్ని నడుపుతుంది. యాసిడ్ మరీ ఎక్కువైతే సొమాటోస్టాటిన్ అనే ఇంకో హార్మోన్ బ్రేకు వేస్తుంది. పలచబడితే బ్రేకు వదులుతుంది. రోజుకి లీటరున్నర, రెండు లీటర్ల జీర్ణరసం ఊరే కడుపుకి ఒక గ్లాసు లెక్క కాదు. పైగా తిన్న వెంటనే యాసిడ్‌ని ఎక్కువగా పీల్చుకునేది ఆ తిండే, నీళ్లు కాదు. ఇంకో సంగతి, కడుపు లోపలి వంపు వెంబడి నీళ్లకి ఒక అడ్డదారి ఉంది. జర్మన్ భాషలో దానికి 'కడుపు వీధి' అనే అర్థమొచ్చే పేరుంది. భోజనం మధ్యలో తాగిన నీళ్లలో చాలా భాగం తిండి ముద్దని చుట్టి ఆ వీధిన దిగిపోతాయి. తిన్నాక గొంతులోకి పుల్లగా ఎగదన్నే జబ్బున్నవాళ్లు ఒకేసారి ఎక్కువ తాగకపోతే మంచిది, అది సాగదీత వల్ల. అది లేనివాళ్లు దాహమేస్తే తాగొచ్చు. గోరువెచ్చనివా చల్లనివా అన్నది మీ ఇష్టం, కడుపు ఎలాగూ వాటిని ఒంటి వేడికి తెచ్చుకుంటుంది.

టెస్టులు అడిగారు. గ్రెలిన్, జీఎల్‌పీ-1 రక్తపరీక్షలు పరిశోధనలకి పనికొస్తాయి, మీకు కాదు. ఇవి రక్తం తీసిన గొట్టంలోనే విరిగిపోతుంటాయి, ఆపడానికి ప్రత్యేకమైన మందు కలిపిన గొట్టాలు, ఐసు, హడావుడి కావాలి. అంతా చేసి అంకె వచ్చినా, పూటపూటకీ మారే ఆ అంకెను బట్టి ఏ డాక్టరూ మీకు మందు రాయలేరు. ఎవరైనా 'గట్ హార్మోన్ ప్యానెల్' అని అమ్మజూపితే డబ్బు మిగుల్చుకోండి. కానీ ఎంత తాగినా దాహం తీరకపోవడం, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం ఉంటే మాత్రం షుగర్ పరీక్ష చేయించుకోండి. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, ఆగని వాంతులు, నల్లటి విరేచనం ఉంటే నీళ్ల సంగతి పక్కన పెట్టి డాక్టరుని కలవండి.

పొద్దున్నే నీళ్లు తాగడం మీకు హాయిగా ఉంటే మానొద్దు. ఒక గ్లాసు తాగండి, ఇంకా దాహముంటే ఇంకోటి. రోజంతా మూత్రం లేత పసుపుగా వస్తుంటే సరిపడా తాగుతున్నట్టే. మీవారికి ఈ జవాబు చూపించడానికి మాత్రం భోజనం వేళే మంచిది. చదువుతున్నంతసేపూ మీరు గ్లాసు ఖాళీ చేయొచ్చు.